ఒక్కో చెట్టుకు ఒక్కో పేరు వద్దు

దేవరకొండ వైపు మా ఊరు. ఊళ్లోంచి చెల్కలకు, అటు నుంచి తండాకు పోయే బాట ఒకటుంది, కిలోమీటరున్నర పైనే. నా చిన్నప్పుడు దానికి రెండు పక్కలా యాపలు, తుమ్మలు, మధ్యలో రెండు పెద్ద చింతలు ఉండేవి. బాట వెడల్పు చేసినప్పుడు కొన్ని పోయాయి, కరెంటు తీగలు లాగినప్పుడు కొన్ని కొట్టేశారు, మిగిలినవి ఇటుక బట్టీలకు పోయాయి. పత్తి వచ్చాక గట్టు మీద చెట్టును ఉంచుకునే రైతు కూడా తక్కువైపోయాడు. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండలో ఆ బాట మీద మధ్యాహ్నం పూట నడిచి చూడండి, ఊరి చివరి బోరింగు దాటితే తండా వచ్చేదాకా తల దాచుకోవడానికి ఏమీ ఉండదు. ఉండేది కాదు అనాలి, ఎందుకంటే ఇప్పుడు కొంచెం మారుతోంది, ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా మేనత్త ఆ బాటలోనే పోయింది. ఉపాధి పనికి పోయి, పన్నెండు దాటాక ఇంటికి వస్తూ కల్వర్టు దగ్గర కూలబడింది. వెనక వచ్చినవాళ్లు చూసేసరికి ఒళ్లు కాలిపోతోంది, చెమట లేదు, మాట తడబడుతోంది, రోజూ పక్కన పనిచేసే మనిషిని గుర్తుపట్టడం లేదు. శరీరం వేడి 40 డిగ్రీలు దాటి మెదడుకు దెబ్బ తగిలితే ఇట్లాగే అవుతుందని, అప్పటికప్పుడు మనిషిని నీడకు చేర్చి, తడిబట్టతో ఒళ్లంతా తుడుస్తూ విసరాలని, 108కి ఫోన్ చేయాలని మాకు తర్వాత తెలిసింది. బాటిల్లో నీళ్లున్నాయి, తడపడానికి, విసరడానికి కొంగులున్నాయి. చేర్చడానికి నీడే లేదు.

మా అత్త ఒక్కతే కాదు. 2015 మే నెల చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఎండలకు తెలంగాణ, ఆంధ్ర కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు, అదీ సర్కారు లెక్క ప్రకారం. లెక్కలోకి రానివాళ్లు ఎంతమందో పల్లెల్లో ఉన్నవాళ్లకే తెలుసు. వడదెబ్బ మరణం అని రాయించుకోవాలంటే తహసీల్దారు, డాక్టరు, ఎస్సై ముగ్గురూ కలిసి తేల్చాలి, పోస్టుమార్టం కావాలి. పొద్దున పోతే సాయంత్రానికి మట్టి చేసే ఊళ్లలో ఇవన్నీ ఎవరు చేయిస్తారు? 'గుండె ఆగింది', 'ముసలితనం', 'నీరసంగ ఉండె' అని అనుకుని ఊరుకుంటారు. 2025 ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి సాయాన్ని 50 వేల నుంచి 4 లక్షలకు పెంచింది. ఇది కావాల్సిన పనే, ఎప్పుడో కావాల్సిన పని. కానీ ఫైలుకు ఎక్కని మనుషులకు అది అందదు, వాళ్లు అసలు ఎండకే పోయారన్న మాట కూడా ఎక్కడా మిగలదు.

ఒకసారి ఊళ్లో ఒకాయన పెద్దకర్మ రోజు ఈ మాట వచ్చింది. ఆయనా ఎండకు పోయినవాడే, మేకలు కాసుకునేవాడు. బాట పక్కన సిమెంటు బెంచీ వేయించి ఆయన పేరు రాయిస్తామని కొడుకులు అన్నారు. భోజనాల దగ్గర కూర్చున్న ఒక పెద్దమ్మ గట్టిగా అంది, "ఎండల సిమెంటు మీద ఎవ్వలు కూసుంటరు బిడ్డా, ముడ్డి కాలుతది. చెట్టు పెట్టున్రి." అక్కడున్న వాళ్లందరికీ ఆ మాట తగిలింది. ఎవరింట్లో ఎవరు పోయారో ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు. కరోనాకు పోయినవాళ్లు, బొంబాయికి పనికి పోయి అక్కడి నుంచి అంబులెన్సులో వచ్చినవాళ్లు, అప్పుల బాధకు పురుగుల మందు తాగినవాళ్లు. మన పాలమూరు, నల్లగొండ ఊళ్లలో ఏ వాడకు పోయినా ఈ జాబితా ఇట్లాగే ఉంటుంది. అందరి పేరు మీదా ఆ బాట పొడుగునా చెట్లు పెడదాం అన్నది అప్పుడే అనుకున్నాం.

ఇక్కడి దాకా అందరూ ఒప్పుకున్నారు. ఎట్లా పెట్టాలన్న దగ్గర పెద్ద వాదన జరిగింది, నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నదీ అదే.

సహజంగా ఎవరికైనా వచ్చే ఆలోచన ఏంటంటే, ఒక మనిషికి ఒక మొక్క, దానికి ట్రీ గార్డు, గార్డుకు పేరు రాసిన రేకు. ఫొటోకు బాగుంటుంది. పక్క ఊళ్లో అట్లాగే చేశారు, బడి ముందర ఖాళీ జాగాలో. నాటిన రోజు ఊరంతా వచ్చింది. మార్చి వచ్చేసరికి ట్యాంకరు రావడం ఆగింది, మొక్కలు ఒక్కొక్కటే ఎండాయి. అక్కడ ఒకామె ఉంది, ఆమె కొడుకు పెళ్లి కాకముందే బండి యాక్సిడెంటులో పోయాడు, ఆమె రోజూ ఇంటి నుంచి బిందెతో నీళ్లు తెచ్చి పోసేది. అయినా ఆ వేప బతకలేదు, వేరుకు చెదలు పట్టింది. ఆ ఖాళీ గార్డు, దాని మీద కొడుకు పేరు. బడి ముందు నుంచి నడవడమే మానేసింది ఆమె, చుట్టు తిరిగి పోతుంది. "ఒక్కసారి పోయిండని ఏడిస్తిని, మళ్ల ఒకసారి ఏడవాల్నా" అని మా వాళ్లతో అంది. ఆ మాట విన్నాక మాకు ఇంకో దారి కనిపించలేదు. ఏ చెట్టుకూ పేరు పెట్టొద్దు. పేర్లన్నీ బాట మొదట్లో ఒక్క రాయి మీద, చెట్లన్నీ అందరివి.

మన చెల్కల్లో నాటిన ప్రతి మొక్కా బతకదు. ఇది మనసులో పెట్టుకుని నాటాలి. 2018 పంచాయతీరాజ్ చట్టంలో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని రాశారు, సర్పంచి, కార్యదర్శి బాధ్యత అన్నారు. చట్టం అంత గట్టిగా ఉన్నా ఎన్ని ఊళ్లలో ఎన్ని బతికాయో బాటల పక్కన చూస్తే తెలుస్తుంది. అటువంటి చోట ఒక తల్లి మనసును ఒక్క మొక్క మీద పెట్టించడం తప్పు. పది మొక్కలు పోతే పది మళ్లీ పెడతాం, ఎవరిది పోయింది, ఎవరిది మిగిలింది అన్న మాటే ఉండకూడదు. ఇంకోటి కూడా ఉంది. పేరు ఉంటే ఆ ఇంటివాళ్లే నీళ్లు పోస్తారు, పక్క చెట్టు ఎండుతున్నా 'అది వాళ్లది' అంటారు. కొడుకు పట్నంలో ఉండి, ఇంట్లో ముసలామె ఒక్కతే ఉన్న ఇల్లు ఏం చేస్తుంది? దుఃఖంలో ఉన్న ఇంటికి ఇంకో పని భారం వేయడం కాదు కదా మనం చేయాల్సింది.

కొందరికి నచ్చలేదు. పైసలున్న ఇంటివాళ్లు ఇద్దరు ముగ్గురు, మా నాయన పేరు మీద ప్రత్యేకంగా ఒక మర్రి పెడతాం, చుట్టూ గద్దె కట్టిస్తాం అన్నారు. పెట్టుకోండి, మీ పొలంలో పెట్టుకోండి, బాట మీద మాత్రం వద్దని పెద్దవాళ్లు చెప్పారు. దాని మీద కొన్నాళ్లు మాటలు కూడా లేవు. తర్వాత వాళ్లే బోరు నీళ్లు ఇచ్చారు.

రాయి మీద ఎవరి పేర్లు రాయాలన్నది అంతకంటే కష్టమైంది. మందు తాగి చనిపోయినవాళ్ల పేర్లు ఎందుకని ఒకరు, వేరే కులంలో పెళ్లి చేసుకుని ఊరు వదిలిపోయి అక్కడ చనిపోయినామె పేరు ఎందుకని ఇంకొకరు. మా ఊళ్లో బొందల గడ్డలు కూడా కులానికొకటి వేరే ఉన్నాయి. పంచాయతీ వైకుంఠధామం కట్టాక కూడా కొందరు పాత జాగాలకే పోతారు. ఆ రాయి మీద మాత్రం అందరూ ఒక దాని కింద ఒకటి, ఇంటిపేరు లేకుండా, వరస లేకుండా ఉన్నారు. తండావాళ్ల పేర్లు, మాదిగవాడ పేర్లు, మసీదు పక్క ఇళ్ల పేర్లు, అన్నీ కలిసి. ఎండకు పోయినవాళ్ల పేరు పక్కన చిన్నగా సూర్యుడి గుర్తు చెక్కించాం. ఏ ఫైలులోనూ లేకపోయినా ఫలానా మనిషి ఎండకు పోయిందని అక్కడ రాసి ఉంటుంది. మా మేనత్త పేరు పక్కన కూడా ఉంది. చదువు రాకపోయినా ఆ గుర్తు అందరికీ అర్థమవుతుంది, పిల్లలు వేలు పెట్టి లెక్కపెడతారు.

ఇక నాటడం సంగతి. ఇది కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే అడిగేవాళ్లందరూ భావం గురించి అడుగుతారు, గుంత గురించి అడగరు.

బాట దాదాపు ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది. కాబట్టి చెట్లు పడమటి అంచున పెట్టాం. పొద్దు వాలేకొద్దీ నీడ తూర్పుకు, అంటే బాట మీదికి పడుతుంది. మనుషులు పని దిగి వచ్చేది మధ్యాహ్నం, అప్పుడే నీడ కావాలి. కరెంటు తీగలు తూర్పున ఉన్నాయి, ఆ పక్క పెద్ద చెట్టు పెడితే లైన్‌మెన్లు ఏటా నరుకుతారు, అందుకే అటు సీతాఫలం, ఉసిరి పెట్టాం. సీతాఫలం ఆకు మేకలు ముట్టవు, మన పాలమూరు గుట్టల్లో అది ఎవరూ కాపలా కాయకుండానే బతకడానికి అదే కారణం.

గుంతలు ఎండకాలంలోనే తీయాలి. అడుగున్నర లోతు, అంతే వెడల్పు, తీసిన మట్టి పక్కన ఎండనివ్వాలి. వాన పడ్డాక ఆ మట్టిలో పశువుల ఎరువు, రెండు గుప్పిళ్లు వేపపిండి కలిపి నింపాం, చెదలకు అదొక్కటే మా దగ్గరున్న మందు. మృగశిరకు వాన పడగానే ఉరుకులాడి నాటేస్తారు చాలామంది, తర్వాత రెండు వారాలు వాన లేకపోతే మొక్క పోతుంది. మేం ఆరుద్ర దాకా ఆగి, రెండు మూడు మంచి వానలు పడి లోపల మట్టి తడిసిందని చేయి పెట్టి చూసుకున్నాకే నాటాం. మొక్కలు పంచాయతీ నర్సరీవే. కాకపోతే ఎత్తుగా, నడుం దాకా ఉన్నవి ఏరుకోవాలి, కవరు చింపి చూస్తే అడుగున వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే ఆ చుట్టు కోసేయాలి, లేకపోతే చెట్టు పెరిగినా గాలికి పడిపోతుంది.

మొక్క చుట్టూ గడ్డి కప్పితే తడి నిలుస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. మా ఎర్ర చెల్కలో గడ్డి కప్పితే చెదలను పిలిచినట్టే. మా దగ్గర గొర్లు కాసే ఒక తాత చూపించాడు, గడ్డి కాదు రాళ్లు పెట్టాలని. చేన్లలో ఏరి గట్టు మీద కుప్ప పోసిన బల్లపరుపు రాళ్లు తెచ్చి, పాది చుట్టూ ఒకదాని అంచు ఇంకోదాని మీద పడేట్టు పేర్చాలి, మొదలుకు మాత్రం తగలకూడదు. మిట్ట మధ్యాహ్నం పైన రాయి చేయి పెట్టలేనంత కాలుతుంటే, దాన్ని ఎత్తి చూస్తే కింద మట్టి నల్లగా తడిగా ఉంటుంది, వానపాములు కూడా కనిపిస్తాయి. నాకు ఇంతకంటే సంతోషం కలిగించింది ఈ పనిలో ఇంకోటి లేదు. రాళ్లు మోయడం పిల్లలు చేశారు, ఆదివారం ఆదివారం, వాళ్లను పిలవాల్సిన పని కూడా రాలేదు.

మేకల నుంచి కాపాడడానికి ఇనుప గార్డులు కొనలేదు. సర్కారు తుమ్మ కంప కొట్టి చుట్టూ కట్టాం, ముళ్లు గుచ్చుకోని చేయి లేదు మా ఊళ్లో. కానీ కంప కంటే ఎక్కువ పనిచేసింది మేకలు కాసేవాళ్లతో కూర్చుని మాట్లాడడం. వాళ్లను దొంగల్లా చూస్తే రాత్రి కంప పీకి పారేస్తారు, అది ఎవరైనా చేసే పనే. రాయి మీద వాళ్ల ఇంటి మనిషి పేరు కూడా ఉంది, పైగా చెట్లు ఎత్తు ఎదిగాక కింది రెమ్మలు మేతకు వాళ్లవే అని మాట ఇచ్చాం. ఇప్పుడు బాటకు కాపలా వాళ్లే.

నీళ్లు. వానలు ఆగినప్పటి నుంచి మళ్లీ వాన దాకా, కనీసం మూడు ఎండకాలాలు పోయాలి. వాడల వారీగా వంతులు వేసుకున్నాం, పంచాయతీ ట్రాక్టరు ట్యాంకరు దొరికినప్పుడు అది, దొరకనప్పుడు బోరు నుంచి డ్రమ్ములు. ట్యాంకరు నుంచి పైపుతో ధారగా పోస్తే నీళ్లు పైపైన పారిపోతాయి. అందుకే ఒక్కో మొక్క పక్కన అడుగున చిన్న చిల్లి పెట్టిన కుండ పూడ్చాం, కుండ నింపి మూత పెడితే మెల్లగా దిగుతుంది. మొక్కకు ఎన్ని నీళ్లు పోశారన్నది కాదు, వేరు దాకా ఎన్ని పోయాయన్నది చూడాలి. ఒక వాడ వంతు తప్పితే ఇంకో వాడ పోస్తుంది, అప్పుడు కొట్లాట కూడా అవుతుంది, ఆ కొట్లాట మంచిదే.

ఏ చెట్లు అన్న దాని మీద కూడా చెప్పాలి. అందరూ వేప అంటారు. వేప మంచిదే, కానీ 2021 తర్వాత తెలంగాణ అంతటా వేపలకు కొమ్మలు చివర్ల నుంచి ఎండిపోయే తెగులు ఎట్లా వచ్చిందో చూశాం, ఊళ్లకు ఊళ్లు కాలిపోయినట్టు కనిపించాయి. చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. అయినా అన్నీ ఒకే జాతి పెడితే ఒక్క తెగులు చాలు. కోనోకార్పస్ అనే పై దేశపు చెట్టు సంగతీ తెలిసిందే, తొందరగా పచ్చగా కనిపిస్తుందని రోడ్ల మధ్యలో విపరీతంగా పెట్టి, తర్వాత వద్దన్నారు. అందుకని మేం కలిపి పెట్టాం. కానుగ, వేప, నేరేడు, జువ్వి, రావి, చింత అక్కడక్కడ. మర్రి, జువ్వి, రావి లాంటి వాటికి మొక్క కూడా అక్కర్లేదు, చేయి లావు కొమ్మ కొట్టి వానకాలంలో లోతుగా పాతితే చిగురిస్తాయి, మనిషెత్తు కొమ్మ కాబట్టి మేకలకు అందదు.

జమ్మి ఎక్కువ పెట్టాం, రైతుల వల్ల. చేను పక్కన చెట్టంటే పంటకు నీడ పడుతుందని వాళ్ల భయం, చింత కిందైతే ఏమీ పండదు కూడా. జమ్మి నీడ పలుచన, వేరు లోతుకు పోతుంది, పప్పు జాతి చెట్టు కాబట్టి నేలకు నత్రజని ఇస్తుంది. రాజస్థాన్‌లో దీన్ని చేన్ల మధ్యలోనే ఉంచుకుని కింద సజ్జలు పండిస్తారు. అది మన రాష్ట్ర వృక్షం, దసరా నాడు దాని ఆకే బంగారం అని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం. కానీ జమ్మి కోసం మనుషులు ప్రాణాలిచ్చిన సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ అనే ఊళ్లో, రాజుగారి కట్టడానికి సున్నం కాల్చడానికి కట్టెలు కావాలని సైనికులు జమ్మి చెట్లు కొట్టడానికి వచ్చారు. అమృతాదేవి అనే ఆమె, చెట్లను, జీవాలను కాపాడడం నియమంగా పెట్టుకున్న బిష్ణోయిల మనిషి, చెట్టును కావలించుకుని నిలబడింది, ఆమెను నరికారు, ఆమె బిడ్డలను నరికారు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి మొత్తం 363 మంది చనిపోయారు. సెప్టెంబరు 11ను దేశంలో అటవీ అమరుల దినంగా పాటించేది దాని గుర్తుగానే. మా బడి పిల్లలకు ఈ కథ చెబితే ఒక పిల్ల వెంటనే అడిగింది, మన దగ్గరుండే జమ్మేనా అని. అదే జమ్మి.

వాతావరణం సంగతి నిజాయితీగా చెప్పుకుందాం, ఎందుకంటే చెట్టు నాటితే భూమి వేడెక్కడం ఆగిపోతుందన్నట్టు మాట్లాడేవాళ్లు ఉన్నారు. ఎండిన కట్టె బరువులో దాదాపు సగం కార్బన్, అది గాలిలోంచి తీసుకున్నదే, అంతవరకు నిజం. ఒక మోస్తరు పెద్ద చెట్టు ఏడాదికి పీల్చే కార్బన్ డయాక్సైడ్ ఇరవై కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. మన దేశంలో ఒక మనిషి తలసరి ఏడాదికి వెలువడేది సుమారు రెండు టన్నులు. మా బాట పొడుగునా రెండు వందల చెట్లు పెద్దవైనా, ఏడాదికి ఇద్దరు మనుషుల లెక్కకు సరిపోతాయి, అంతే. బొగ్గు, డీజిలు తగ్గకుండా చెట్లతో లెక్క సరిచేస్తామంటే కుదరదు. అట్లాగే కరోనా రెండో వేవ్ అప్పుడు, 2021 వేసవిలో, ఆక్సిజన్ దొరక్క మనవాళ్లు పోతుంటే చెట్లు నరికినందుకే ఇది అని వాట్సాప్‌లో తిప్పారు. గాలిలో ఆక్సిజన్ ఎప్పటిలాగే 21 శాతం ఉంది. లేనివి సిలిండర్లు, ప్లాంట్లు, బెడ్లు. చనిపోయినవాళ్ల విషయంలో ఈ అబద్ధం ఇంకా బాధ కలిగిస్తుంది, వాళ్లకు జరిగిన అన్యాయాన్ని కప్పేస్తుంది.

మరి చెట్టు ఏం చేస్తుంది? చెట్టు కింద గాలి ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలే తగ్గొచ్చు. కానీ ఒంటి మీద నేరుగా పడే ఎండ ఆగుతుంది, కాలే నేల నుంచి కొట్టే సెగ ఆగుతుంది, మనిషికి తెలిసే తేడా దానికి ఎన్నో రెట్లు. ఆకులు నీటిని ఆవిరి చేస్తూ చుట్టూ కొంచెం చల్లబరుస్తాయి. ఆకు రాలి మట్టి తడిని పట్టుకుంటుంది. ఎండలు ఇంకా పెరుగుతాయనే శాస్త్రవేత్తలు చెబుతున్నారు, మన పిల్లలు పనికి పోయే బాటలు ఇవే. కిలోమీటరున్నర బాటలో రెండు వందల గజాలకొక చోట ఆగడానికి దొరికితే మనిషి ఇల్లు చేరుతుంది. మా అత్తకు అంతే కావాల్సింది.

ఇట్లాంటి పని మాకంటే ముందు చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. రాజస్థాన్‌లో పిప్లాంత్రి అనే ఊరి అప్పటి సర్పంచి శ్యామ్‌సుందర్ పాలీవాల్ తన కూతురు కిరణ్ చనిపోయాక, ఊళ్లో ఆడపిల్ల పుట్టిన ప్రతిసారీ 111 చెట్లు నాటే ఆనవాయితీ మొదలుపెట్టాడు. గుజరాత్‌లో 2001 జనవరి 26 భూకంపంలో చనిపోయినవాళ్ల కోసం భుజ్‌లో కొండ మీద స్మృతివనం పెంచారు, 2022లో తెరిచారు. అక్కడ పేర్లు చెక్‌డ్యాముల గోడల మీద ఉన్నాయట, వాన నీళ్లు నిలిచే చోట. మన దగ్గర కూడా ఒక్కరోజులో ఎంతోమందిని పోగొట్టుకున్న చోట్లున్నాయి. 2005 అక్టోబరులో వలిగొండ దగ్గర వరదకు రైలు వంతెన కొట్టుకుపోయి వంద మందికి పైగా పోయారు. 2013 అక్టోబరు 30న కొత్తకోట దగ్గర పాలెంలో బస్సు కాలి 45 మంది పోయారు. ఆ చోట్ల పక్క ఊళ్లవాళ్లు, పోయినవాళ్ల ఇళ్లవాళ్లు కలిసి ఒక తోపు పెంచుకుంటే ఎంత బాగుంటుందో అని ఆ దారిన పోయినప్పుడల్లా అనిపిస్తుంది.

ఒక్క మనిషి పట్టుబడితే కూడా అవుతుంది, ఇప్పటి సూర్యాపేట జిల్లా మోతె మండలం రాఘవాపురంలో దుశర్ల సత్యనారాయణ గారు తన 70 ఎకరాలను అడవిగా వదిలేసి పెంచారు, పాత నల్లగొండ జిల్లాలో పుట్టినవాళ్లు ఒక్కసారైనా పోయి చూడాలి. కానీ అటువంటి మనిషి ఊరికొకరు దొరకరు. మామూలు మనుషులకు వంతులే గతి. పెద్ద చెట్టు అయ్యాక కూడా చూసేవాళ్లు కావాలి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి ఏడు వందల ఏళ్లంటారు, ఎకరాలకు ఎకరాలు కప్పిన చెట్టు, దానికీ చెదలు పట్టి 2018లో కొమ్మలకు మందు సెలైన్ బాటిళ్లలో ఎక్కించారు. కూలిపోయే కొమ్మలకు సిమెంటు ఆధారాలు కట్టారు. నేను అప్పుడు చూశాను, కొమ్మ కొమ్మకూ బాటిల్ వేలాడుతుంటే ఆసుపత్రి వార్డులో నిలబడ్డట్టు ఉంది. అంత చెట్టుకే తప్పలేదు.

మా ఊళ్లో ఇప్పుడు ఏటా రెండు రోజులు దీనికి పెట్టుకున్నాం. ఆరుద్రలో నాటడం. పెత్తరమాస నాడు చూసుకోవడం. ఆ రోజు ఎట్లాగూ అందరూ పోయిన పెద్దల పేరు చెప్పి బియ్యం ఇస్తారు, పట్నం నుంచి కూడా వస్తారు, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున్నే బాట మొత్తం నడిచి ఎండినవి పీకేసి, నేలలో ఇంకా తడి ఉంటుంది కాబట్టి అక్కడే మళ్లీ పెడతారు. కొత్తగా పోయినవాళ్ల పేర్లు రాయి మీద చెక్కేదీ అదే రోజు. కానుగలు బాగా ఎదిగాయి, కొన్నింటి కింద నిలబడొచ్చు. జమ్ములు మెల్లగా వస్తున్నాయి, అవి అంతే. నేరేళ్లు సగానికి సగం పోయాయి.

ఈ ఏడు కల్వర్టు నుంచి తండా దాకా ఉన్న ముక్క మిగిలింది. గుంతలు తీయడం అయిపోయింది, రాళ్లు ఇంకా చాలవు. తండావాళ్లు తమ పక్కన ఇప్ప కావాలన్నారు, మా పంచాయతీ నర్సరీలో లేవు, అచ్చంపేట వైపు అడగాలి. ఆ దగ్గర ఎవరికైనా ఇప్ప మొక్కలు ఎక్కడ దొరుకుతాయో తెలిస్తే చెప్పండి, వానలు పడేలోపు తెచ్చుకోవాలి.